వైజాగ్, గోవా సరే.. చెన్నై హైవే పక్కనే ఉన్నా మనవాళ్లు చూడని దక్షిణ కోస్తా తీరం ఇదిగో!

బీచ్ ట్రిప్ అనగానే మనవాళ్ల నోట వచ్చేవి రెండే పేర్లు. ఒకటి వైజాగ్, రెండోది గోవా. ఇంకాస్త ఓపిక ఉంటే పుదుచ్చేరి. కానీ విజయవాడ నుంచి చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒంగోలు, నెల్లూరు, సూళ్లూరుపేట దాటుకుంటూ పోయే లక్షల మందికి ఎడమ చేతి వైపు మొత్తం సముద్రమేనన్న సంగతి గుర్తు కూడా రాదు. కారణం సింపుల్. సముద్రం కనిపించదు. హైవే మీద నుంచి పది, పాతిక కిలోమీటర్లు లోపలికి వెళ్తేగానీ అలల చప్పుడు వినపడదు.

ఆ పాతిక కిలోమీటర్ల లోపల ఏముందో తెలిస్తే మాత్రం ఈసారి బండి ఆపుతారు. ఇప్పుడు చేపల వలలు ఆరేసుకుంటున్న ఈ పల్లెలే ఒకప్పుడు తెలుగు నేలకు వాకిళ్లు. కాకతీయ చక్రవర్తి విదేశీ వ్యాపారులకు అభయం ఇచ్చింది ఇక్కడే. చెన్నపట్నం పుట్టకముందు ఇంగ్లీషువాళ్లు ఫిరంగులు పెట్టుకుని కూర్చుంది ఇక్కడే. ఎంత చలికాలమైనా ఎండ కాసే ఈ తీరానికి వేల మైళ్ల దూరం నుంచి పక్షులు కూడా వస్తాయి. వాటిని చూడ్డానికి మనమే వెళ్లం.

సూళ్లూరుపేట నుంచి మొదలుపెట్టి ఉత్తరంగా నిజాంపట్నం దాకా ఓసారి చూసొద్దాం. ఎక్కడ ఏం చూడాలన్నదే కాదు, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలన్నది కూడా ముఖ్యమే. ఎందుకంటే ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి.

ఎప్పుడు వెళ్లాలి?

ముందు ఈ లెక్క తెలుసుకోవాలి. తెలంగాణలో, ఉత్తర కోస్తాలో జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వానాకాలం. నెల్లూరు తీరానికి వచ్చేసరికి ఇది తిరగబడుతుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే చాలా వరకు కురిసేసి, ఇక్కడికి వచ్చేసరికి పొడి గాలిగా మారిపోతాయి. అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. హైదరాబాద్‌లో దసరా తర్వాత వానలు తగ్గాయి కదా అని అక్టోబర్ చివర్లోనో నవంబర్‌లోనో నెల్లూరు బీచ్ ప్లాన్ చేసుకుంటే తడిసి ముద్దయిపోవడం ఖాయం.

డిసెంబర్ మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు బెస్ట్ టైమ్. చెరువులు నిండి ఉంటాయి, పక్షులు ఉంటాయి, ఎండ ఉంటుంది కానీ మాడ్చేయదు. మే నెల సంగతి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేటపై నిషేధం కూడా ఉంటుంది. ఆ రోజుల్లో తాజా చేప దొరకడం కష్టమే.

పులికాట్.. మన పెద్దలు పిలిచిన పేరు ప్రళయకావేరి

ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. తమిళనాడుకు కొంత పోయినా ఎక్కువ భాగం ఆంధ్ర వైపే ఉంది. స.వెం.రమేశ్ రాసిన 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకు ఈ సరస్సు దీవుల్లో తెలుగు ఎలా ఉంటుందో తెలుసు. చదవనివాళ్లు ట్రిప్‌కు ముందు చదివితే ఇంకా మంచిది.

సూళ్లూరుపేటలో హైవే దిగి శ్రీహరికోట వైపు తిరగండి. కాసేపటికే రోడ్డుకు రెండు వైపులా నీళ్లు మొదలవుతాయి. సరస్సు మధ్యలోంచి వేసిన దారి ఇది. జనవరిలో వెళ్తే ఆ నీళ్లలో గులాబీ రంగు గీత గీసినట్టు ఫ్లెమింగోలు నిలబడి ఉంటాయి. టికెట్ లేదు, గేటు లేదు. రోడ్డు పక్కన బండి ఆపుకుని చూడొచ్చు. బైనాక్యులర్ ఉంటే పండగే. పొద్దున్నే వెళ్లడం మంచిది, పది దాటితే ఎండకు నీళ్ల మీద మెరుపు తప్ప ఇంకేం కనిపించదు.

ఫ్లెమింగో తలకిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి, బురద నీటిని వడగట్టుకుని అందులోని నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులను తింటుంది. ఆ తిండిలోని రంగే దాని రెక్కలకు వస్తుంది. పిల్లలు పుట్టినప్పుడు బూడిద రంగులోనే ఉంటాయి. అంటే ఈ పక్షికి కావాల్సింది మోకాలి లోతు ఉప్పునీళ్లు. మరీ లోతైతే నిలబడలేదు, ఎండిపోతే తిండి లేదు. పులికాట్ సగటు లోతు మీటరుకు అటూ ఇటూ కాబట్టే ఇది వాటికి ఇంతగా నచ్చింది.

సమస్య కూడా అక్కడే ఉంది. ఇంత తక్కువ లోతున్న సరస్సు బతకాలంటే సముద్రంతో రాకపోకలు ఉండాలి. ఆ రాకపోకలు జరిగే చోట్లను ముఖద్వారాలు అంటారు. ఆంధ్ర వైపు రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర, తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర ఇవి ఉన్నాయి. మన వైపువి ఇసుకతో పూడిపోతూ వచ్చాయి. ముఖద్వారం మూసుకుపోతే ఆటుపోట్ల నీళ్లు లోపలికి రావు, వాటితో పాటు వచ్చే చేప పిల్లలు, రొయ్య పిల్లలు రావు. వేసవిలో సరస్సు ఉత్తర భాగం పగుళ్లు వేసిన నేలగా మారుతుంది. పైగా శ్రీహరికోట రోడ్డు కట్ట నీటి కదలికకు అడ్డుపడుతోందని నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. మన వైపు చేప తగ్గితే మత్స్యకారులు దక్షిణానికి పోవాలి, అక్కడ తమిళ మత్స్యకారులతో గొడవలు. పూడిక తీయిస్తామన్న మాట ఎన్నికలకొకసారి వినిపిస్తూనే ఉంది. మీరు ఫొటో తీసుకునే ఆ గులాబీ గుంపు వెనక ఇంత కథ ఉంది.

తడ దగ్గర భీములవారిపాలెం నుంచి పడవలో ఇరకం దీవి వైపు వెళ్లొచ్చు. గాలి ఎక్కువగా ఉన్న రోజు పడవవాళ్లు వద్దంటే బతిమాలకండి. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కకండి.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు కలిసొస్తే అంతకంటే ఏం కావాలి. 2019 నుంచి ప్రయోగాన్ని చూడ్డానికి సామాన్యులకు గ్యాలరీ పెట్టారు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్లు గంటల్లోనే అయిపోతుంటాయి. దొరక్కపోయినా బాధపడక్కర్లేదు, సరస్సు గట్టు మీద నిలబడి చూసేవాళ్లు బోలెడుమంది. ఇక సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడి. ఈ అమ్మవారి గుడికి తలుపులు వేయరు. ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు ఇక్కడికి వచ్చి పూజ చేయించుకోవడం మన వార్తల్లో మీరు చూస్తూనే ఉంటారు.

నేలపట్టులో గూడబాతుల పురిటిల్లు

ఫ్లెమింగోలు పులికాట్‌కు తిండి కోసం వస్తే, గూడబాతులు నేలపట్టుకు పిల్లల్ని కనడానికి వస్తాయి. గూడబాతు అంటే పెలికాన్. దొరవారిసత్రం దగ్గర హైవే నుంచి కొద్ది దూరంలోనే ఈ పక్షుల కేంద్రం ఉంది. 1976లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 458 హెక్టార్లు. చెరువు నీళ్లలోనే పెరిగే నీటి కనప చెట్ల మీద గూళ్లు కడతాయి. కింద నీళ్లుంటే పిల్లుల్లాంటివి చెట్టెక్కలేవు కదా! అదీ వాటి లెక్క. చెరువు నిండని ఏడాది పక్షులు కూడా తగ్గుతాయి.

గూడబాతులతో పాటు ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు కూడా ఉంటాయి. పక్షుల రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలానికి పారితే ఎరువు వేసినట్టేనని ఊళ్లోవాళ్ల నమ్మకం. అందుకే వాటి జోలికి ఎవరూ పోరు. టపాసులు, లౌడ్ స్పీకర్లు ఇక్కడ పనికిరావు. డ్రోన్ ఎగరేయాలన్న ఆలోచన ఉంటే ఇంటి దగ్గరే వదిలేసి రండి. ఒక్కసారి బెదిరి తల్లి గూడు వదిలిందంటే ఆ కాసేపట్లోనే కాకులు, గద్దలు గుడ్లు ఎత్తుకుపోతాయి. జనవరి ప్రాంతంలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్ సందడి బాగానే ఉంటుంది కానీ, పక్షుల్ని చూడాలంటే పండగ అయిపోయాక మామూలు రోజున వెళ్లడమే నయం.

దుగరాజపట్నం: చెన్నైకి అన్న

ఈ పేరు చాలామంది 2014లో మొదటిసారి విన్నారు. రాష్ట్ర విభజన చట్టంలో ఇక్కడ భారీ ఓడరేవు కడతామని రాశారు. ఇటు పులికాట్, అటు శ్రీహరికోట ఉండటంతో అభ్యంతరాలు వచ్చాయి. చట్టంలో చెప్పిన గడువు 2018 దాటిపోయింది, ఆ రేవు మాత్రం రాలేదు.

కానీ ఈ ఊరికి నాలుగు వందల ఏళ్ల కిందటే రేవు ఉంది. 1626లో ఈస్టిండియా కంపెనీవాళ్లు ఇక్కడ స్థావరం పెట్టి, ఫిరంగులతో చిన్న కోట కట్టుకున్నారు. స్థలం ఇప్పించడంలో సాయం చేసిన ఆర్ముగం ముదలియారు పేరు వాళ్ల నోట్లో 'ఆర్మగాన్' అయింది. తీరంలో ఉన్న లైట్‌హౌస్‌ను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆర్మగాన్‌లో అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఆయనే ఇక్కడ వ్యాపారం సాగడం లేదని దక్షిణానికి వెళ్లి, 1639లో ఇప్పటి చెన్నై ఉన్న చోట స్థలం సంపాదించాడు. ఈ రేవు బాగా నడిచి ఉంటే చెన్నై కథ వేరేగా ఉండేదేమో! ఇప్పుడు చూడ్డానికి కోట గోడలేం ఉండవు. సముద్రం, ఇసుక తిన్నెలు, ఓ చిన్న పల్లె. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకే ఈ మలుపు.

ఇంగ్లీషువాళ్ల పక్కలో బల్లెంలా డచ్చివాళ్లు పులికాట్‌ దక్షిణపు ఒడ్డున, ఇప్పటి పళవేర్కాడులో, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1690 వరకు కోరమాండల్ తీరంలో వాళ్ల ముఖ్య కేంద్రం అదే. అక్కడి డచ్చి శ్మశానం వాకిట్లో అస్థిపంజరాల బొమ్మలు చెక్కి ఉంటాయి. తమిళనాడు సరిహద్దు దాటాలి కానీ చూడదగ్గదే.

నెల్లూరు తీరంలో ఉప్పు, పులుసు

మైపాడు బీచ్ నెల్లూరోళ్లకు తెలిసిందే. ఊరి నుంచి 25 కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం కిక్కిరిసిపోతుంది. జనం తక్కువ కావాలనుకుంటే కొత్తకోడూరు వెళ్లండి. సముద్రం ఒడ్డునే శివాలయం చూడాలనుకుంటే విడవలూరు మండలం రామతీర్థం ఉంది.

అసలు ఆగి చూడాల్సింది బీచ్ కాదు, ఉప్పుమళ్లు. అల్లూరు దగ్గర ఇస్కపల్లిలోనూ, ఇంకా పైన చినగంజాంలోనూ ఇవి ఉన్నాయి. ఫిబ్రవరి, మార్చి నుంచి పని ఊపందుకుంటుంది. నేలను కాళ్లతో తొక్కి తొక్కి గచ్చులా గట్టిపరుస్తారు. ఉప్పునీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి పంపుతూ ఎండకు చిక్కబడనిస్తారు. చివరి మడిలో ఉప్పు గడ్డకట్టాక చెక్క పలుగులతో ఒడ్డుకు లాగి కుప్ప పోస్తారు. కుప్పల మీద తాటాకులు కప్పుతారు. మనం తిట్టుకునే ఎండే వీళ్లకు పెట్టుబడి. అకాల వాన ఒక్కటి పడితే మడిలో ఉన్న ఉప్పంతా మళ్లీ నీళ్లే. కళ్లకు అద్దాలు లేకుండా ఆ తెలుపులో ఓ గంట నిలబడి చూడండి, ఏడాదుల తరబడి అందులో పనిచేసేవాళ్ల కళ్లు ఏమవుతాయో అర్థమవుతుంది. మళ్ల గట్ల మీద నడిచేముందు అడగండి. చెప్పులతో మడిలో దిగొద్దు.

ఈ తీరం పొడవునా మీకు ఓ కాలువ కనిపిస్తూనే ఉంటుంది. అదే బకింగ్‌హాం కాలువ. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం వరకు తీరానికి సమాంతరంగా సాగుతుంది. 1876-78 కరువు రోజుల్లో కరువు పనుల కింద వేలమందితో తవ్వించిన భాగం ఇందులో ఉంది. అప్పటి మద్రాసు గవర్నర్ పేరే కాలువకు పెట్టారు, తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఒకప్పుడు దీనిమీద పడవల్లో ఉప్పు, బియ్యం, కట్టెలు చెన్నపట్నం చేరేవి. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయి గుర్రపుడెక్కతో నిండిపోయింది. 2004 సునామీ వచ్చినప్పుడు మాత్రం ఎగదన్నిన నీటిని ఈ కాలువ చాలాచోట్ల తనలోకి తీసుకుని వెనకనున్న ఊళ్లను కాపాడింది.

తిండి సంగతి చెప్పకుండా నెల్లూరు దాటితే పాపం. మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు పొద్దున వండింది రాత్రికి, రాత్రి వండింది మర్నాటికి రుచి. అందుకే హోటల్లో "నిన్నటి పులుసు ఉందా?" అని అడిగేవాళ్లు ఉంటారు. ఎవరూ నవ్వరు.

ఒంగోలు దగ్గర ఉప్పు కథ ఇంకోటి

ఒంగోలు నుంచి సముద్రం వైపు వెళ్తే దేవరంపాడు. 1930లో టంగుటూరి ప్రకాశం పంతులు ఉప్పు సత్యాగ్రహం నడిపిన ఊరు. ఇక్కడ స్మారక స్తూపం ఉంది. కొత్తపట్నం బీచ్‌కు వెళ్లేవాళ్లు వందల్లో ఉంటారు, దేవరంపాడులో ఆగేవాళ్లు మాత్రం అరుదు. తీరం వెంటే ఉన్న కనుపర్తిలో పురావస్తు శాఖ చిన్న మ్యూజియం ఉంది. చుట్టుపక్కల దొరికిన శివలింగాలు, నందులు, పాత శిల్పాలు అక్కడ పెట్టారు. గంటలో చూసేయొచ్చు.

మోటుపల్లి.. ఈ దారిలో ఒక్కచోటే ఆగాలంటే ఇక్కడే

ఒంగోలు దగ్గర హైవే వదిలేసి, 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని చీరాల వైపు వెళ్లండి. దారిలో చినగంజాం మండలంలో మోటుపల్లి వస్తుంది. తీరా చేరాక మొదట నిరాశే కలుగుతుంది. ఓ పల్లెటూరు, సరుగుడు చెట్లు, ఇసుక. వీరభద్రస్వామి గుడికి వెళ్లండి. అక్కడి రాతి స్తంభం మీద అక్షరాలున్నాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అది.

అందులో ఏముందో తెలుసా? తుఫానుకు ఓడ దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా రాజుదే అని లాక్కోవడం అంతకుముందు ఆనవాయితీ. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏవైనా సరే. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడు కట్టుబట్టలతో మిగిలేవాడు. ఇకపై అలా చేయం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు రాయి మీద రాయించి పెట్టాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. ఏ సరుకుకు ఎంత అన్నది కూడా అందులో ఉంది. గంధం, చీనీ కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు.. ఆ జాబితా చదివితే చాలు, ఈ ఇసుకలో ఏ దేశాల మనుషులు నడిచారో కళ్లకు కడుతుంది.

ఇది దయ మాత్రమే కాదు, తెలివైన వ్యాపారం కూడా. ఓడలకు భరోసా ఉంటే ఓడలు వస్తాయి, ఓడలు వస్తే సుంకం వస్తుంది. ఇప్పుడు ప్రభుత్వాలు పెట్టుబడిదారులకు ఇచ్చే హామీ పత్రాలకు ఇది తాతలాంటిది. కాకతీయుల తర్వాత కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో ఇక్కడే మళ్లీ అలాంటి శాసనం వేయించాడు. మార్కోపోలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ రేవునే అని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. వజ్రాల గురించి, సాలెగూడంత పలచటి బట్టల గురించి, న్యాయంగా ఏలే రాణి గురించి ఆయన రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అన్నమాట.

మరి ఇంత రేవు ఏమైంది? ఈ తీరానికి సహజమైన లోతు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో సరుకు మోసేవారు. అలలు ఏడాది పొడవునా తీరం వెంట ఇసుకను తోసుకుపోతుంటాయి. ఓ చోట వాగు నోరు మూస్తాయి, ఇంకో చోట తెరుస్తాయి. పైన రాజ్యం బలంగా ఉన్నన్నాళ్లు వర్తకుడు ఆ కష్టం పడ్డాడు. రాజ్యాలు మారాయి, వ్యాపారం మచిలీపట్నానికి, తర్వాత మద్రాసుకు పోయింది. మోటుపల్లికి గుడి, రాయి మిగిలాయి. ఆ రాయిని చూపించే బోర్డులు, చదివి చెప్పే మనిషి ఉంటే బడి పిల్లలకు ఇంతకంటే మంచి విహారయాత్ర ఉండదు. స్తంభం మీద అక్షరాలు స్పష్టంగా కనపడాలని సుద్ద రాయడం, నీళ్లు పోయడం చేయకండి. అక్షరం అరిగిపోతుంది.

వేటపాలెంలో గాంధీ కర్ర, చీరాలలో రుమాలు

మోటుపల్లి చూశాక వేటపాలెం ఎంతో దూరం కాదు. జీడిపప్పుకు ఈ ఊరు ఫేమస్. కొనుక్కోండి, కానీ సారస్వత నికేతనం చూడకుండా రాకండి. 1918లో మొదలైన గ్రంథాలయం ఇది. వందేళ్ల కిందటి తెలుగు పత్రికలు ఇక్కడ ఉన్నాయి. దేశ విదేశాల నుంచి పరిశోధకులు ఈ పత్రికల కోసమే వచ్చి ఈ చిన్న ఊళ్లో మకాం వేస్తుంటారు. 1929లో గాంధీజీ ఇక్కడికి వచ్చారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను ఇప్పటికీ భద్రంగా దాచి ఉంచారు.

చీరాల పేరు చెప్తే చేనేత. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఇక్కడి నుంచి అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేవి. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల, పేరాల జనం ఇళ్లు ఖాళీ చేసి ఊరి బయట రామనగరం పేరుతో గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. చీరాల నుంచి ఓడరేవు బీచ్ ఏడెనిమిది కిలోమీటర్లే.

సూర్యలంక.. ఇక్కడ మాత్రం ఇది చదివాకే నీళ్లలో దిగండి

బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు సూర్యలంక. హైదరాబాద్‌కు దగ్గరి బీచ్‌లలో ఇదొకటి కావడంతో వీకెండ్ వస్తే కార్లు బారులు తీరుతున్నాయి. అందుకే దీన్ని తెలియని చోటు అనలేం. తెలియనిది ఇక్కడి సముద్రం స్వభావం. సూర్యలంక, ఓడరేవు, రామాపురం తీరాల్లో స్నానానికి దిగిన కుర్రాళ్లు గల్లంతైన వార్తలు మీరూ చదువుతూనే ఉన్నారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఎందుకు?

అలలు నీటిని ఒడ్డుకు తోస్తూనే ఉంటాయి. వచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి. అడుగున ఇసుక మేట ఎక్కడ తెగి ఉంటే ఆ సందులోంచి అన్నీ కలిసి కాలువలా వేగంగా వెనక్కి పోతాయి. దీన్నే ఇంగ్లీషులో రిప్ కరెంట్ అంటారు. మోసం ఎక్కడుందంటే, ఆ సందులో లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు. ఒడ్డు నుంచి చూస్తే అక్కడే ప్రశాంతంగా కనిపిస్తుంది. పిల్లలతో దిగడానికి ఇదే బాగుందని జనం సరిగ్గా అక్కడే దిగుతారు. నురగ వరసలో మధ్యలో నల్లగా ఖాళీ కనిపించినా, నురగ లోపలికి కొట్టుకుపోతున్నా ఆ చోటికి పోవద్దు.

ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకండి. ఎంత ఈతగాడైనా ఆ ప్రవాహానికి ఎదురీదలేడు, అలసిపోయి మునుగుతాడు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోండి, చెయ్యెత్తి పిలవండి. ఈ ప్రవాహం లోపలికి లాగుతుందే తప్ప కిందికి లాగదు, దీని వెడల్పూ ఎక్కువ ఉండదు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, దాన్ని దాటాక అలలతో పాటు ఒడ్డుకు రండి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. తాడు, ఖాళీ క్యాన్, ట్యూబ్ ఏది దొరికితే అది విసిరి, మత్స్యకారులను కేకేయండి. ఒకరి కోసం ఇద్దరు, ముగ్గురు పోయిన ఘటనలు ఇలాగే జరిగాయి.

ఇంకో మాట. సూర్యలంకలో జనం పోటెత్తేది కార్తీక మాసంలో, సముద్ర స్నానాలకు. ఈ తీరంలో వాయుగుండాలు వచ్చేదీ, సముద్రం అల్లకల్లోలంగా ఉండేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం అలల ఎత్తుపై హెచ్చరికలు ఇస్తుంటుంది. బయల్దేరే ముందు చూసుకోండి. పోలీసులు తాడు కట్టి వద్దన్న రోజు ఒడ్డున నాలుగు చెంబులు పోసుకుంటే పుణ్యం ఏం తగ్గదు.

బాపట్ల వచ్చినవాళ్లు ఊళ్లోని భావనారాయణస్వామి గుడి చూడాలి. చోళుల కాలం నాటిది. భావపురి అన్న పేరే వాడుకలో బాపట్ల అయింది.

చివరగా నిజాంపట్నం

పాత పుస్తకాల్లో దీని పేరు పేటపోలి. 1606లో డచ్చివాళ్లు ఇక్కడ గిడ్డంగి పెట్టారు. 1611లో ఇంగ్లీషు ఓడ 'గ్లోబ్' కూడా ఈ రేవుకు వచ్చింది. ఇప్పుడు ఫిషింగ్ హార్బర్, కృష్ణా పాయల దగ్గర మడ అడవులు. తెల్లవారుజామున పడవలు వచ్చే వేళకు హార్బర్‌లో ఉంటే చాలు, చేపల వేలంపాట చూడొచ్చు.

జనవరి నుంచి మార్చి మధ్యలో ఈ తీరంలో రాత్రిపూట నడిస్తే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రావడం కనిపించొచ్చు. టార్చి లైటు, ఫ్లాష్ వేయకండి. వెలుగు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. వలల్లో చిక్కి చనిపోయిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకురావడం కూడా ఇదే కాలంలో ఎక్కువ. అలాంటిది కనిపిస్తే సెల్ఫీ కాదు, అటవీ శాఖకు ఫోన్ చేయండి. గుడ్ల గుంట కనిపించినా అంతే. చాలాచోట్ల అటవీ సిబ్బంది వాటిని తీసుకెళ్లి కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు.

ఎలా వెళ్లాలంటే..

కారు లేకపోయినా ఇబ్బంది లేదు. విజయవాడ-చెన్నై రైలు మార్గం దాదాపు ఈ ఊళ్లన్నిటినీ కలుపుతుంది. బాపట్ల, చీరాల, వేటపాలెం, ఒంగోలు, నెల్లూరు, సూళ్లూరుపేట అన్నీ స్టేషన్లే. చెన్నై నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైళ్లు కూడా ఉన్నాయి. స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడుకునేటప్పుడు రానూపోనూ, వెయిటింగ్ కలిపి ముందే మాట్లాడుకోండి. పల్లెల నుంచి తిరుగు ఆటో దొరకదు. రెండు రోజులుంటే పులికాట్, నేలపట్టు ఒక ట్రిప్‌గా, మోటుపల్లి, వేటపాలెం, సూర్యలంక ఇంకో ట్రిప్‌గా పెట్టుకోవడం మంచిది. అన్నీ ఒకేసారి చూడాలంటే నాలుగు రోజులు తీసుకోండి, మధ్యలో నెల్లూరులో ఓ రాత్రి బస పెట్టుకోండి. పులుసు మర్నాటికి ఎలాగూ రుచెక్కుతుంది.